ఇంట్ల ఇంకెన్ని గోలీలున్నయ్?

"అవ్వా, ఇంట్ల ఇంకెన్ని గోలీలున్నయ్?"

జగిత్యాలలో మందుల కౌంటర్ దగ్గర నిలబడి నేను విన్న మొదటి మాట ఇదే. ముసలమ్మ సంచి విప్పింది. బీపీ మందు ఆమ్లోడిపిన్ స్ట్రిప్పులు రెండు చెక్కు చెదరలేదు. "మల్ల దొరకయేమోనని వస్తి బిడ్డా" అంది. ఫార్మసిస్టు పదే ఇచ్చి చీటీ మీద రాసుకున్నాడు. వెనక లైన్లో గొణుగుడు మొదలైంది.

లెక్క చూడండి. నెలకు 30 గోలీలు తీసుకునే మనిషి 25 రోజులకోసారి వస్తే, ఏడాదికి 70కి పైగా మిగులుతాయి. అవి మళ్లీ కౌంటర్ ఎక్కవు. ఏ ఎండలో, ఏ తడిలో ఉన్నాయో తెలియని మందును ఇంకొకరికి ఇవ్వకూడదు.

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు మెడికల్ షాపులో అయిదారు గోలీలే కత్తిరించి తీసుకుంటారు. చేతిలో ఉన్న డబ్బు అంతే. స్ట్రిప్పుకు ఒక చివరే ఉండే గడువు తేదీ షాపులోనే ఉండిపోతుంది. కొన్నాళ్లకు ఆ ముక్క ఏ మందో, ఎప్పటిదో తెలియక చెత్తలో పడుతుంది. గల్ఫ్‌కు పోయేవాళ్లది ఇంకో తీరు: నెలల తరబడి సరిపడా మూటగట్టుకుంటారు, అక్కడ డాక్టర్ డోసు మారిస్తే సగం దండగ.

సిరిసిల్లలో నా లెక్క తలకిందులైంది. మరమగ్గాల కార్మికుడొకరి ఇంట్లో అరుగు మీద కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్, బీపీ మందు టెల్మిసార్టాన్ కుప్ప. ఎక్కువ తెచ్చుకున్నాడనుకున్నా. కాదు, మింగడమే మానేశాడు. "తల తిరుగుడు తగ్గింది కద సారూ, ఇంకెందుకు?" బీపీ మాత్రం పైకి తెలియకుండానే పెరుగుతుంది. అంటే మిగిలిన గోలీలను లెక్కపెడితే వృథా ఒక్కటే కాదు, రాబోయే పక్షవాతం కూడా కనబడుతుంది. అందుకే ఇచ్చే గోలీలకు ఊరికే కోత పెట్టడం నాకు నచ్చదు. గుండె మందు ఒక వారం ఎక్కువున్నా నష్టం తక్కువ, ఒక వారం లేకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

ఇళ్లలోనే కాదు, ఆరోగ్య కేంద్రాల్లోనూ మందులు మిగులుతాయి. రక్తపోటు నియంత్రణకు 2017 నవంబర్‌లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల్లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అన్ని కేంద్రాల్లో ఒకే రకమైన కొద్ది మందులు వాడాలన్నది దాని పద్ధతి. ఒక కేంద్రంలో గడువు దగ్గరపడిన సరుకును పక్క కేంద్రానికి సర్దడం అప్పుడు తేలిక.

ఇక పారేసేవాటి సంగతి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో, టాయిలెట్లో ఫ్లష్ చేయదగ్గవంటూ 17 మందులు చెప్పింది. అవి ఎక్కువగా మత్తు కలిగించే నొప్పి మందులు, బీపీ గోలీలు కావు. కేరళ అదే ఏడాది కోళికోడ్‌లో ఇళ్ల నుంచి పాత మందులు సేకరించడం మొదలుపెట్టింది. మన జిల్లాల్లోనూ ఆ పని జరగాలి.

ఈసారి మందులకు పోయేటప్పుడు ఇంట్లో మిగిలినవన్నీ సంచిలో వేసుకుపోండి. మింగడం మానేసి ఉంటే దాచకుండా చెప్పండి.