వారధి ఎక్కితే టక్‌... టక్‌!

కొత్త కారులో చిన్న చప్పుడు వస్తే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. అదే కారుకు పదిహేనేళ్లు నిండాయనుకోండి... ఎంత చప్పుడైనా పట్టించుకునేవాళ్లుండరు. ముఖ్యంగా నడిపేవాళ్లకు అసలు వినిపించదు. ఒక్కరోజులో వచ్చింది కాదు కదా! నెలనెలా కొంచెం కొంచెంగా పెరుగుతూ చెవికి అలవాటైపోతుంది.

విజయవాడ పటమటలో ఉండే ఓ రిటైర్డ్‌ లెక్కల మాస్టారికి అదే జరిగింది. ఆయనది 2009లో కొన్న మారుతి 800. కృష్ణమ్మ మీద కనకదుర్గ వారధి ఎక్కితే చాలు, స్లాబులు కలిసే ప్రతిచోటా ముందు చక్రం దగ్గర ‘టక్‌’మనేది. ఆయన హాయిగా కబుర్లు చెబుతూ నడిపేవారు. పక్క సీట్లో భార్య మాత్రం నడుం పట్టుకుని కూర్చునేవారు. వెన్నుకు ఆపరేషన్‌ అయ్యాక ఆమెకు వారానికి రెండుసార్లు మంగళగిరిలో ఫిజియోథెరపీ. చప్పుడు కంటే దానితోపాటు వచ్చే కుదుపే ఆమెకు బాధ. అయినా నోరు విప్పలేదు. ఒకరోజు బయల్దేరేముందు నెమ్మదిగా అన్నారట... ‘ఏవండీ, ఇవాళ ఆటోలో వెళదామా?’

ఆటో కంటే తన కారే ఎక్కువ కుదుపుతోందా! ఆ మాట మాస్టారికి గుచ్చుకుంది.

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు చాలాకాలంగా అంటున్నదీ అదే. ‘అమ్మేయండి నాన్నా, అమ్మకి నేను ఇక్కణ్నుంచే క్యాబ్‌ బుక్‌ చేస్తాను’ అని. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. పైగా పదిహేనేళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్‌ చూపించి రిజిస్ట్రేషన్‌ పొడిగించుకోవాలి. అంతకుముందు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌ నుంచి 5 వేలయింది. మాస్టారు 2024లో ఆ 5 వేలూ కట్టి ఐదేళ్లు పొడిగించుకున్నారు. ఇంకా కాలం ఉండగా అమ్మడమేంటన్నది ఆయన లెక్క. లెక్కల మాస్టారు మరి!

ఆ లెక్క బెంజ్‌ సర్కిల్‌ దగ్గర తప్పింది. ముందున్న బస్సు ఆగితే బ్రేకు తొక్కారు. స్టీరింగ్‌ తిన్నగానే పట్టుకున్నా కారు దానంతటది ఎడమకు లాగేసింది. పక్కనే బైకు మీద ఓ కుర్రాడు. జానెడు దూరంలో ఆగింది. చప్పుడును సర్దుకుపోవచ్చు. ఇది సర్దుకుపోయే సంగతి కాదు. మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని ఆటోనగర్‌ వెళ్లారు.

మొదటి షెడ్డులో కుర్ర మెకానిక్‌ కారు ఎక్కకుండానే తేల్చేశాడు... ‘షాక్‌ అబ్జార్బర్లు పోయాయి సార్‌, నాలుగూ మార్చేద్దాం’. చప్పుడు వినపడగానే షాక్‌ అబ్జార్బర్ల మీద పడటం చాలాచోట్ల ఉన్నదే. నిజానికి కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే కొంతవరకు తెలిసిపోతుంది. ఒకసారి లేచి కుదురుకుంటే ఫర్వాలేదు. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే అప్పుడు అనుమానించాలి. మాస్టారి కారు ఊగలేదు.

రెండో షెడ్డులోని పెద్దాయన ముందు కారెక్కి ఓ చుట్టు తిరిగాడు. స్పీడు బ్రేకర్‌ మీద ఒకసారి, బ్రేకు వేసి ఒకసారి విన్నాడు. తర్వాత గుంత మీద నిలబెట్టి కిందికి దిగి, పొడవాటి టామీ రాడ్డు దూర్చి లోయర్‌ ఆర్మ్‌ను కదిపాడు. అంగుళంలో పావువంతైనా కదలకూడని చోట అది లొడలొడలాడింది. ‘షాకులకేం కాలేదు మాస్టారూ. బుష్‌లు అరిగాయి’ అన్నాడు.

ఏమిటీ బుష్‌? చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులు కారు అడుగు భాగానికి బిగించే చోట ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో ఉండే రబ్బరు దిమ్మ. లోపలొక ఇనుప గొట్టం, బయటొకటి, రెంటికీ మధ్య గట్టిగా అతికిన రబ్బరు. చక్రం గుంతలో పడి లేచిన ప్రతిసారీ ఆ రబ్బరే మెలితిరిగి మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. దెబ్బలో కొంత అదీ మింగుతుంది. ఎండకూ వేడికీ గట్టిపడి పగుళ్లిస్తుంది. ఇంజిన్‌ ఆయిల్‌ కారి పడిందా... ఉబ్బి మెత్తబడిపోతుంది. బండి పెద్దగా తిరగకపోయినా వయసు మాత్రం ఆగదు.

మారుతి 800లో మరో సంగతుంది. ముందువైపు అడ్డంగా ఉండే స్టెబిలైజర్‌ బార్‌ కారు పక్కకు ఒరగకుండా చూడటమే కాదు, రెండు లోయర్‌ ఆర్ములనూ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకుంటుంది. దాని చివర్లలోనూ రబ్బరు బుష్‌లే. అవి నలిగిపోతే బ్రేకు వేయగానే చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది. దాని దిశ మారుతుంది. బెంజ్‌ సర్కిల్‌లో జరిగింది అదే.

పెద్దాయన ఆర్ములు విప్పి పక్కనున్న లేత్‌ షాపుకు పంపాడు. అక్కడ హైడ్రాలిక్‌ ప్రెస్‌తో పాత బుష్‌లు నొక్కి తీసి కొత్తవి ఎక్కించారు. సుత్తితో కొట్టి దింపేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే బుష్‌ గొట్టం నొక్కుకుపోయి రబ్బరు మొదటిరోజే చిరుగుతుంది. బార్‌కు రబ్బరు జారడం కోసం గ్రీజు రాయలేదు, సబ్బునీళ్లు రాశాడు. గ్రీజు సహజ రబ్బరుకు పడదు. బుష్‌ల ఖరీదు కంటే కూలీ ఎక్కువైంది. ఈ పనిలో అది మామూలే. పాలీయూరిథేన్‌ బుష్‌లైతే ఎక్కువకాలం వస్తాయని దుకాణంలో చెప్పారు. వస్తాయి కూడా. కానీ రబ్బరు కంటే గట్టివి, కుదుపు నడుముకు తెలుస్తుంది. వద్దన్నారు మాస్టారు.

అసలు పని చివర్లో ఉంది. ఆర్ములు తిరిగి తగిలించాక బోల్టులను పూర్తిగా బిగించలేదు. చక్రాలు వేసి, జాకీ దించి, కారును గుంత మీదకు తోసి, బానెట్‌ పట్టుకుని నాలుగుసార్లు ఊపాడు. కారు బరువంతా చక్రాల మీద పడ్డాక అప్పుడు కింద నుంచి బిగించాడు.

‘గాల్లో ఉన్నప్పుడే బిగిస్తే సులువు కదయ్యా?’

‘సులువే మాస్టారూ. అప్పుడు చక్రం వేలాడుతుంటుంది. అలాగే బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడిపోద్ది. తువ్వాలు పిండి అలాగే పట్టుకున్నట్టు. ఆగి ఉన్నా మెలికే, నడిచినా మెలికే. నెలలు తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తారు.’

షెడ్డుకు వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ దగ్గరుండి చూసుకుంటే సగం డబ్బు మిగిలినట్టే. ఆ వెంటనే వీల్‌ అలైన్‌మెంట్‌ కూడా చేయించాలి. మాస్టారి కారు ఎడమ టైరు లోపలి అంచు అప్పటికే నున్నగా అరిగిపోయింది. దాన్ని మార్చక తప్పలేదు.

ఆ తర్వాత మంగళగిరి ప్రయాణాల్లో ఆవిడ ఆటో మాట ఎత్తలేదు. ఓసారైతే దారిలో కునుకు తీశారు. ఆ సంగతి కొడుక్కి ఫోన్‌ చేసి చెప్పింది మాత్రం మాస్టారే, రెండుసార్లు! ‘సరే నాన్నా, 2029 దాకా చూద్దాం’ అన్నాడతను.

ముందు నిశ్శబ్దం కాగానే వెనకనుంచి మరో చప్పుడు బయటపడింది. ఈసారి మాస్టారికి కూడా వినిపించింది. వెనక ట్రెయిలింగ్‌ ఆర్ముల బుష్‌లని తేల్చాడు పెద్దాయన. వచ్చేనెల పెన్షన్‌ పడ్డాక రమ్మన్నాడు.