రంగులరాట్నమున తల్లికి చోటు

బిడ్డలను తిరునాళ్ళకు తీసికొనిపోవు తల్లులు రంగులరాట్నమును చూచుచు ఎంతసేపు నిలుతురో, దానిపై ఎంతసేపు కూర్చుందురో ఎన్నడైన లెక్కించితిరా? భద్రాచలమునకు శ్రీరామనవమికిని ముక్కోటి తెప్పోత్సవమునకును వచ్చు కుటుంబములను నేను కాపురమునకు వచ్చిన నాటినుండి చూచుచున్నాను. గోదావరీస్నానము, స్వామిదర్శనము అయిన పిమ్మట పిల్లల కోరికల వంతు వచ్చును. రాట్నమువాడు తలకింత యని వెల చెప్పును. ఇంటాయన జేబు తడవుకొనును. ఇల్లాలు వెంటనే "పిల్లలెక్కితే చాలు లెండి, నాకు కళ్ళు తిరుగుతాయి" అనును. ఆమె చేతిలో నలుగురి చెప్పులు, నీళ్ళ సీసా, పులిహోర డబ్బా. ఈ కళ్ళు తిరుగు జబ్బు మన స్త్రీలలో ఇంత విరివిగా నుండుటకు కారణము వైద్యుడు చెప్పజాలడు. టిక్కెట్టు వెల చెప్పగలదు.

దూరదేశముల వినోదవనములను చూచిన పిదప నాకీ సంగతి బాగుగా బోధపడెను. మా అమ్మాయి కాలిఫోర్నియాలో కాపురమున్నది. మా చెల్లెలి కుమారుడు షాంఘైలో ఉద్యోగము చేయుచున్నాడు. ఒకే కంపెనీవారి పేర అమెరికాలో నొకటి, చీనాలో నొకటి వెలసిన డిస్నీవనములను రెంటిని చూచు భాగ్యము వీరివలన కలిగెను.

అమెరికాలో అనాహైము పట్టణమున 160 ఎకరముల నారింజతోటలో 1955 జూలై 17వ తేదీన మొదటి డిస్నీవనము తెరువబడెను. దాని పుట్టుకను గూర్చి వాల్టు డిస్నీ చెప్పిన మాట మనము వినదగినది. ఆయన లాస్ ఏంజెలిసులోని గ్రిఫిత్ పార్కునకు తన యిద్దరు కుమార్తెలను తీసికొనిపోయి, వారు గుఱ్ఱాల రాట్నముపై తిరుగుచుండగా తాను బల్లపై కూర్చుండెడివాడట. పెద్దలును పిన్నలును కలిసి వినోదించు చోటు ఒకటి ఉండవలెనని ఆయనకచట తోచెనట. బల్లపై కూర్చుండి విసిగినది తండ్రి గనుక వనము వెలసినది. తల్లులు అంతకు పూర్వము ఎన్ని తరములుగా కూర్చుండిరో!

మొదట ఆ వనమునందును ఒక్కొక్క యాటకు వేరుగా టిక్కెట్టు ఇయ్యవలసి యుండెను. 1982 నుండి ఆ పద్ధతి పోయి, ద్వారమువద్ద ఒక్కసారి వెల చెల్లించినచో దినమంతయు ఎన్నిసార్లయిన ఎక్కవచ్చునను నియమము వచ్చెను. మగవారికిది లెక్కల మార్పు మాత్రమే. స్త్రీకట్లు కాదు. నేను వాడుకచొప్పున కూర్చుండుటకు బల్ల వెదకుచుండగా మా అమ్మాయి "అమ్మా, నీకూ డబ్బు కట్టేశాము, ఎక్కకపోతే దండగ" అన్నది. దండుగ యను మాటకు లొంగని ఇల్లాలుండునా? ఎక్కితిని. కళ్ళు తిరుగలేదు. చంటిబిడ్డ గల దంపతులలో ఒకరు బిడ్డను పట్టుకొనియుండగా ఒకరెక్కి దిగిన తరువాత, రెండవవారు మరల బారులో ఆసాంతము నిలువకయే ఎక్కుటకు అచట ఏర్పాటున్నది. పాలిచ్చు తల్లులకు ప్రత్యేకముగా గదులున్నవి. ఇంటినుండి తెచ్చుకొన్న తినుబండారములకు అడ్డులేదు. అయినను ముసలివారికి ఆ వనము కొంచెము పరుగుగానే తోచును.

ముసలివారి సంగతి షాంఘైలో ఎక్కువగా ఆలోచించిరి. 2016 జూన్ 16న తెరచిన ఆ వనమున కోటముందు విశాలమైన తోటలు నాటిరి, తేనీటిశాల పెట్టిరి. చీనాలో చాలకాలము, 2015 వరకు, ఇంటికొక్క బిడ్డయను చట్టము నడచెను. కాబట్టి బిడ్డ యొకతె వినోదమునకు బయలుదేరిన తల్లిదండ్రులే గాక తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ కూడ వెంట వత్తురు. వారందరును ఎక్కుటకు రాలేదు, కలిసియుండుటకు వచ్చిరి. మనకు ప్రభవాది సంవత్సరములున్నట్లు వారికి ఎలుక, ఎద్దు, పులి మొదలుగా పండ్రెండు జంతువుల సంవత్సరములున్నవి. ఆ తోటలో ఆ పండ్రెండింటికిని గోడలపై చిత్రములు పొదిగిరి. మామ్మలు తమ జన్మసంవత్సరపు జంతువు ప్రక్క నిలిచి ఫొటోలు తీయించుకొనుచుండిరి. "పెద్దమ్మా, నీదే జంతువు?" అని మావాడడిగెను. చెప్పితిని. వయస్సు తెలిసిపోవును గనుక ఇచట వ్రాయను.

భోజనపు మూటవిషయమున మాత్రము షాంఘై వనము అమెరికాకంటె కఠినముగా నుండెను. బయటి తినుబండారములు లోనికి రారాదని నిషేధము. ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని దీనిపై వ్యాజ్యము వేసెను. అమెరికాలో చెల్లునది మాకేల చెల్లదని చీనా జనులును అడిగిరి. 2019 సెప్టెంబరులో నియమము సడలెను. ఆ అమ్మాయికి మన తల్లులందరి పక్షమున ఒక పులిహోర పొట్లము పంపవలెనని నాకు తోచెను.

అయితే ద్వారపు వెలయందు ఒక దోషము లేకపోలేదు. షాంఘైలో తెరచిననాడది సామాన్యదినములందు 370 యువానులు, రద్దీదినములందు 499. హైదరాబాదు పొలిమేరన 2016లో వచ్చిన వండర్లా కూడ ఈ తీరుదే. వెల లేనివారికి లోపలి గడ్డి కూడ కనబడదు. మన తిరునాళ్ళకు ద్వారమే లేదు. దుమ్ముగూడెము, చర్ల అడవిపల్లెలనుండి చంటిబిడ్డను చంకనెత్తుకొని వచ్చు కోయ స్త్రీ పైసా లేకయే అంతయు తిరిగి చూచును, పూసలు బేరమాడును, దీపాలక్రింద కూర్చుండి తన మూట విప్పుకొనును. ఇది నేను ఏ డిస్నీవనముతోను మార్చుకొనను. మార్పు మన యింటి సంచిలో రావలెను. తిరునాళ్ళకని పక్కనపెట్టు రొక్కములో తల్లి టిక్కెట్టును ముందే చేర్చవలెను. మా వీధి స్త్రీలము నలుగురము క్రిందటి తిరునాళ్ళలో అట్లే చేసి ఒక్క తొట్టిలో కూర్చుంటిమి. "పిల్లలేరమ్మా?" అని రాట్నమువాడు నాలుగువైపుల వెదకెను.

ఎక్కుడని చెప్పుచున్నాను గనుక అడుగుడనియు చెప్పవలెను. చీనాలో షెన్‌జెన్ వనమొకదానిలో 2010 జూన్ 29న ఆటయంత్రపు ప్రమాదమున ఆరుగురు మరణించిరి. 2013లో ఆ దేశమున చేసిన చట్టము పెద్ద ఆటయంత్రములను బాయిలర్లు, లిఫ్టులతో సమముగా తనిఖీ క్రింద ఉంచినది. అమెరికాలో స్థిరముగా నాటిన వనముల తనిఖీ రాష్ట్రములది. ఊరూర తిరుగు యంత్రములపైననే కేంద్రశాఖకు అధికారము. మన గోదావరిపై 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవు విహారపు పడవ కచ్చులూరు వద్ద మునిగిన దినము మా వైపు ఏ యింటను పొయ్యిమీద మనసు నిలువలేదు. తొట్టికి కడ్డీ బిగిసినదా, పడవలో తలకొక రక్షణకోటు ఉన్నదా యని అడుగుటకు చదువక్కరలేదు. పడవవాడు విసుగుకొనిన విసుగుకొననిండు.

మొన్న కార్తికమాసమున కిన్నెరసాని జలాశయమునకు పోయినపుడు మా అత్తగారిని పడవనెక్కించితిమి. కోటు లేనిదే నేనును కూర్చుండననియు, మనుమలను కూర్చుండనియ్యననియు ఆమెయే పట్టుపట్టెను. తొమ్మిదిగజముల చీరపై ఆ నారింజరంగు కోటు బిగించుకొని, జింకలు చూచి నవ్వగలవు, పడవను ఒడ్డుకు దూరముగా నడుపుమని పడవవానికి చెప్పెను.