వోల్టేజీ ఉంది, సత్తువ లేదు

మా తమ్ముడు రాస్ప్‌బెర్రీ పై 3తో చేతిలో పట్టే గేమ్ కన్సోల్ కట్టాడు. ఆట రసపట్టులో ఉండగా ఠక్కున ఆగిపోతోందిట. మల్టీమీటర్ పెడితే సెల్ 3.9 వోల్టులు చూపిస్తోంది. మరి రోగమెక్కడ?

ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీని నమ్మకూడదండీ, ఆట నడుస్తుండగా కొలవాలి. బోర్డుకి 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు అందాలంటే, బూస్ట్ కన్వర్టర్ నష్టంతో కలిపి సెల్ దాదాపు 3 ఆంపియర్లు ఇవ్వాలి. పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసిన 18650 సెల్‌కి లోపలి రెసిస్టెన్స్ 0.2 ఓములుంటే 0.6 వోల్టులు అక్కడే హరీ! వోల్టేజీ తగ్గేకొద్దీ కన్వర్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. బోర్డుకి 4.63 వోల్టుల కన్నా తగ్గితే తెరమీద మెరుపు గుర్తు.

ఇంకో పాత సెల్ పక్కన కలిపేస్తానన్నాడు. వద్దన్నాను. నిండుదాంట్లోంచి ఖాళీదాంట్లోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. కొత్తది కొనుక్కోరా అన్నాను. ఆటైతే మళ్ళీ మొదలెట్టుకోవచ్చు, వేళ్ళు కాలితే?