పటాలంలో ఇంజనీరు

పటాలం అచ్చ తెలుగు మాటలాగే వినిపిస్తుంది గాని, అది బెటాలియన్ నుంచి వచ్చినదే. మన ప్రాంతపు కుర్రాళ్ళు ఎందరో చేరిన మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరు దళం, 1780లో మద్రాసులో రెండు పయనీర్ కంపెనీలతో మొదలైంది. ముళ్ళకంచెలను పేల్చే బెంగుళూరు టార్పెడో 1912లో ఈ దళంవారు కనిపెట్టిందే.

యుద్ధ గౌరవాల జాబితాలో శ్రీరంగపట్నం ఉంది. 1799లో కుంఫిణీవారి కోసం టిప్పు సుల్తాను కోట పడగొట్టినందుకు! అది చదివితే నాకు గర్వంకన్నా ఇబ్బందే ఎక్కువ.

మరొక గౌరవం వేరు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతరలు తీస్తుండగా ఒక జవాను ఒకదానిమీద కాలు వేశాడు. అది పేలేలోగా సుబేదార్ సుబ్రమణ్యన్ దానిపై పడి, తనవాళ్ళను కాపాడి, ప్రాణం విడిచాడు. చనిపోయాక జార్జి క్రాస్ ఇచ్చారు. అది ఎవరినీ చంపినందుకు వచ్చిన పతకం కాదు.

మా మేనమామ ఆ దళంలోనే చేశాడు. 1971 యుద్ధం సంగతి అడిగితే "వంతెన కట్టాం, దారి వేశాం" అనేవాడు, అంతే. మొన్న ఇక్కడి బడిలో మా మనవడిని వంశవృక్షం రాసుకురమ్మన్నారు. అందులో ఆయన పేరు పక్కన "ఇంజనీరు" అని రాయించాను.

"ఏ కాలేజీ?" అన్నాడు వాడు.

ఆయన చదివింది ఐదో తరగతి. ఆ మాటే చెప్పి, కట్టిన వంతెనల సంగతి చెప్పాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెద్దలుంటే పిల్లలకు చెప్పండి.