స్పైడర్‌మ్యాన్ 3: ఒక చేంజ్ రిక్వెస్ట్ ఎక్కువైంది

సామ్ రైమీ తీసిన స్పైడర్‌మ్యాన్ సినిమాల మాటొస్తే అందరూ రెండోదాన్ని (2004) ఆకాశానికెత్తేస్తారు. మూడోది (2007) అనగానే మాత్రం పీటర్ పార్కర్ జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని న్యూయార్క్ వీధుల్లో వేసిన స్టెప్పులు గుర్తు చేసుకుని నవ్వేస్తారు. నవ్వొచ్చే సీనే, కాదనను. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. మూడింట్లోకీ పెద్ద ఆలోచన ఉన్నది ఈ మూడోదాంట్లోనే అని నా అభిప్రాయం. దాన్ని మధ్యలో వదిలేశారనే నా బాధంతా. (కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడనివాళ్లుంటే ఇక్కడే ఆగిపోండి.)

ముందు బాగున్న సంగతులు. జైలు నుంచి పారిపోయిన ఫ్లింట్ మార్కో ఒక ప్రయోగశాల గోతిలో పడి ఇసుకైపోతాడు. ఆ తర్వాత ఆ ఇసుకలోంచి మనిషి లేవాలి. ఒక్కో రేణువూ దొర్లి, కుప్పగా చేరి, లేవబోయి కూలిపోతుంది. ఎదురుగా కూతురి ఫోటో ఉన్న లాకెట్. అందుకోబోతే చెయ్యి రాలిపోతుంది. మళ్లీ కూడదీసుకుని పట్టుకుంటాడు. ఒక్క డైలాగు లేదు. గ్రాఫిక్స్ తో ఫైటింగులే కాదు, తండ్రి మనసు కూడా చూపించొచ్చని తెలిసేది ఇక్కడే.

రెండోది నల్ల డ్రెస్సు. అది వేసుకున్నాక మనవాడికి బలంతో పాటు పొగరూ వస్తుంది. బెన్ అంకుల్ ని చంపింది మార్కోనే అని తెలిసి, వాణ్ణి నీళ్లలో కొట్టుకుపోయేలా చేస్తాడు. చచ్చాడనుకుని ఆ సంగతి మే ఆంటీకి చెబితే, భర్తని పోగొట్టుకున్న ఆవిడ కూడా సంతోషించదు! ఎవరు బతకాలో ఎవరు చావాలో తేల్చడం మన పని కాదంటుంది. తర్వాత పీటర్ స్నేహితుడు హ్యారీ మొహం కాలిపోవడానికి కారణమవుతాడు, మేరీ జేన్ మీద చెయ్యి పడేదాకా పోతాడు.

ఇదంతా దేనికంటే, చివర్లో మార్కోని క్షమించడానికి. తానూ ఘోరాలు చేశాడు కాబట్టే పీటర్ నోట ఆ మాట నిజంగా వినిపిస్తుంది. విలన్ని చంపితేనో జైల్లో వేస్తేనో అయిపోయే ఈ రకం సినిమాల్లో, హీరో క్షమించి వదిలేస్తే విలన్ ఇసుకై గాల్లో కలిసిపోవడం ఎన్నిసార్లు చూశాం?

మరి తేడా ఎక్కడొచ్చింది? వెనమ్ దగ్గర. రైమీకి ఆ పాత్ర మీద మొదట్నుంచీ ఆసక్తి లేదు. అభిమానులు అడుగుతున్నారు, పెట్టాల్సిందే అని నిర్మాత ఆవీ ఆరాడ్ ఒప్పించాడు. మన ప్రాజెక్టుల్లో ఇది కొత్తేం కాదు. డిజైన్ ఖాయమయ్యాక "యూజర్లు అడుగుతున్నారు, ఇది కూడా కలిపేయండి" అని మెయిలొస్తుంది. కలిపేస్తాం. కానీ దానికి కావలసిన టైము, ఉన్నవాటిలోంచే కోసుకోవాలి.

ఇక్కడా అంతే. వెనమ్ వచ్చేసరికే సినిమా చివరికొచ్చేస్తుంది. వాడూ స్యాండ్‌మ్యానూ ఒక సందులో కలుసుకుని రెండు ముక్కల్లో పొత్తు కుదుర్చుకుంటారు. అంత బాగా పుట్టించిన స్యాండ్‌మ్యాన్ క్లైమాక్సులో మాటాపలుకూ లేని ఇసుకకొండ అయిపోతాడు. ఏ కూతురి కోసం దొంగతనాలు చేశాడో, ఆ పిల్ల జబ్బు ఏమైందో సినిమా చెప్పనే చెప్పదు. ఇక హ్యారీ మనసు మార్చడానికి టైము లేక బట్లర్ని దించారు. "మీ నాన్నగారి గాయం ఆయన గ్లైడరు వల్లే అయింది" అని చెబుతాడు. అన్నేళ్లూ ఏం చేస్తున్నావయ్యా?!

నా లెక్కలో నల్ల డ్రెస్సు ఉండాల్సిందే. అది పీటర్ కి పెట్టిన పరీక్ష. చర్చి గంట మోతకి అది ఊడిపోయాక కథ నేరుగా మార్కో దగ్గరికి వెళ్లాల్సింది. అలా కాకుండా, అదే చర్చిలో సరిగ్గా అదే టైముకి కింద నిలబడి ఉన్న ఎడ్డీ బ్రాక్ మీద పడింది.

పాత వెర్షన్ని చెడగొట్టారన్న గొడవ కూడా ఉంది. మొదటి సినిమాలో (2002) పీటర్ వదిలేసిన దొంగే అంకుల్ ని చంపాడు. ఆ సినిమా అంతా దాని మీదే నిలబడింది. ఇప్పుడు హంతకుణ్ణి మార్చేశారు. ఆ దొంగ వచ్చి చెయ్యి కుదపడం వల్లే తుపాకీ పేలిందని మార్కోతో చెప్పించి అతుకు వేశారు గానీ, అతుకు అతుకే.

ఇన్ని లోపాలతోనూ సినిమా ప్రపంచమంతా కలిపి 90 కోట్ల డాలర్లకి దగ్గరగా వసూలు చేసింది, మూడింట్లోకీ ఎక్కువ. అయినా నాలుగోది రాలేదు. 2010 జనవరిలో సోనీ దాన్ని ఆపేసి, 2012లో కొత్త హీరోతో మొదట్నుంచీ మొదలుపెట్టింది. డబ్బులొచ్చాయి కాబట్టి వెనమ్ ని పెట్టడం తప్పు కాదనేవాళ్లున్నారు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఎవరినడిగినా ఈ సినిమాలో బాగున్నదంటూ చెప్పేది ఆ ఇసుక సీనే. వెనమ్ పేరెత్తేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు :)