భూమ్మీద నూకలు

‘స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్’ పాట చాలామంది గొంతుల్లో విన్నాను. మొదట పాడింది ఎవరా అని వెతికితే తమారా డ్రేసిన్ అనే పేరు దొరికింది. ఉక్రెయిన్‌లో పుట్టి, అమెరికా వచ్చిన మనిషి. 1933లో బ్రాడ్వే మ్యూజికల్ ‘రొబెర్టా’లో ఆ పాట పాడింది. పదేళ్ళ తర్వాత ఒక విమాన ప్రమాదంలో పోయింది. ఆ ప్రమాదం గురించి చదవబోతే, కథ నన్ను తమారా దగ్గర ఉండనివ్వకుండా పక్క సీటు వైపు లాక్కుపోయింది.

1943 ఫిబ్రవరి 22. పాన్ అమెరికన్ వాళ్ళ యాంకీ క్లిప్పర్ న్యూయార్క్ నుంచి బెర్ముడా, అజోర్స్ మీదుగా లిస్బన్‌ చేరింది. అది నీటి మీద దిగే విమానం, బోయింగ్ 314. యుద్ధంలో పోర్చుగల్ తటస్థ దేశం కాబట్టి అట్లాంటిక్ దాటి వచ్చేవాళ్ళకి యూరప్ గుమ్మం లిస్బనే. లోపల 39 మంది ఉన్నారు. ఒలింపిక్ పతకం గెలిచి తర్వాత రేడియో విలేకరి అయిన ఫ్రాంక్ కూహెల్, రచయిత బెన్ రాబర్ట్‌సన్, సైనికుల కోసం ఆడి పాడటానికి వెళ్తున్న ఏడుగురు కళాకారులు. ఆ ఏడుగురిలో తమారా ఒకరు, జేన్ ఫ్రోమన్ ఇంకొకరు. జేన్ తన సీటు తమారాకి ఇచ్చిందని చెప్తారు.

చీకటి పడుతున్న వేళ, టేగస్ నది మీద దిగడానికి కిందకి వస్తూ మలుపు తిరుగుతుంటే ఎడమ రెక్క కొస నీళ్ళకి తగిలింది. అంతే. నీళ్ళు మెత్తనివి అనుకుంటాం గానీ ఆ వేగంలో అవి నేల లాంటివే. 24 మంది చనిపోయారు. 1939లో ఎలియనార్ రూజ్‌వెల్ట్ ఏడు సముద్రాల నీళ్ళతో నామకరణం చేసిన విమానం ఒక నదిలో మునిగిపోయింది.

జేన్ బతికింది. కాలు దాదాపు తెగిపోయినంత గాయం. తనూ వెన్ను విరగ్గొట్టుకున్న విమాన సిబ్బందిలోని జాన్ బర్న్ ఆమెని నీళ్ళలో మునిగిపోకుండా పట్టుకున్నాడు. 1948లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 1952లో జేన్ జీవితం సినిమాగా వచ్చింది. ఆమెగా నటించింది సూసన్ హేవర్డ్, పాటలు మాత్రం జేనే పాడింది. తన కథకి తనే ప్లేబ్యాక్ అన్నమాట.

ఇలాంటి కథ మన ఇంట్లో చెప్తే పెద్దవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు: “ఆవిడకి ఇంకా భూమ్మీద నూకలున్నాయి.” బైక్ మీంచి పడి లేచినవాడికీ ఇదే మాట, ఐసీయూ నుంచి ఇంటికొచ్చినవాడికీ ఇదే మాట. బతికినవాళ్ళకి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు. నువ్వేం చేయలేదు, లెక్క పైన రాసి ఉంది అంటుంది ఆ మాట. కానీ అదే లెక్కని తమారా వైపు తిప్పి చూడండి. ఆమెకి నూకలు చెల్లాయి అనాలి. అంటే ఆ సీటు ఆమె కోసమే ఉందని! అక్కడే నాకు మింగుడుపడదు. ఆ సాయంత్రం జరిగింది రెక్క కొస నీళ్ళకి తగలడం. దానికి విచారణ జరిగింది, నివేదిక వచ్చింది. సీటు మార్చుకోవడం ఆ నివేదికలో చెప్పాల్సిన కారణం కాదు. ఆ సీటు మనకే కావాలి, ఎందుకంటే కారణం కంటే కథని మోయడం తేలిక.

జేన్ ఏ లెక్క వేసుకుందో గానీ, 1945లో చంకకర్రలతోనే మళ్ళీ యూరప్ వెళ్ళి, గాయపడ్డ సైనికుల ముందు పాడింది. అంతకు రెండేళ్ళ ముందు ఆ విమానంలో ఆ ఏడుగురూ బయల్దేరిన పని అదే. తమారా పనీ అదే.

రైల్లో ఎవరో ఒకరు, “అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ, కొంచెం లోయర్ బెర్త్ ఇస్తారా” అని అడుగుతూనే ఉంటారు. ఇచ్చేస్తాం. రాత్రికి ఏమీ కాకపోతే అది మర్యాద, ఏమైనా అయితే విధిరాత. జేన్ చేసింది మర్యాదే. దాన్ని అలాగే ఉండనిస్తే, తమారా జేన్‌కి బదులు పోయిన మనిషిగా కాకుండా, ఆ పాటని అందరికంటే ముందు పాడిన మనిషిగా మిగులుతుంది.