ధర్సీవా చెరువుగట్టున నల్లచేప కోసం

విశాఖపట్నం నుండి రాయపూర్ పోయే రైలు విజయనగరం దాటి, తూర్పు కనుమలను ఎక్కి దిగి, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా మహానదీ మైదానంలో ప్రవేశించిన తరువాత కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికునికి రెండే వస్తువులు పదే పదే కనబడతాయి. ఒకటి వరిమడి, రెండవది చెరువు. 1931లో పూర్తయిన ఈ రైలుమార్గం ఆంధ్రతీరానికీ ఛత్తీస్‌గఢ్‌కూ నడుమ రాకపోకలను సుగమం చేసింది. రైల్వే కొలువుల కోసం వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తది కాదు. కొత్తగా వచ్చినవారికి మాత్రం ఒక సందేహం కలుగుతుంది: ఇన్ని చెరువులలో ఉన్న చేపలను ఎవరు పడుతున్నారు?

ఆ సందేహం తీరాలంటే రాయపూర్ నగరంలో కాక, అక్కడినుండి ఉత్తరంగా బిలాస్‌పూర్ రహదారి మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ధర్సీవాకు వెళ్ళాలి. దారిలో సిల్తరా పారిశ్రామిక ప్రాంతం ఎదురవుతుంది. ఇనుప కర్మాగారాల పొగగొట్టాలు, బారులు తీరిన లారీలు, ఆకుల మీద పేరుకున్న నల్లని దుమ్ము చూచి ఈ త్రోవలో గాలం వేయడానికి పోవటమేమిటని అనిపించవచ్చు. కాని రహదారి విడిచి ఏ పల్లెలోకి తిరిగినా మరొక లోకం కనబడుతుంది. గట్టు మీద మర్రి, రావి చెట్లు, గట్టు దిగువన బట్టలు ఉతికే రాళ్ళు, నీటిలో గేదెలు. పడమటి దిక్కున ఖారూన్ నది శివనాథ్‌ను కలవడానికి పోతుంటుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది.

ఛత్తీస్‌గఢీ భాషలో చెరువును తరియా అంటారు. పొలంలో త్రవ్వుకున్న చిన్న కుంట డబరీ. స్నానఘట్టపు మెట్లు పచరీ. రతన్‌పూర్, మల్హార్ వంటి ప్రాచీన పట్టణాల గొప్పదనాన్ని చెప్పవలసి వచ్చినపుడు అక్కడివారు కోటలను గాక చెరువులను లెక్కపెడతారు. ‘ఆరు కోరీల మీద ఆరు’ అన్నది ఆ లెక్క. కోరీ అంటే ఇరవై. కాబట్టి నూట ఇరవై ఆరు చెరువులు. అన్నీ నిజంగా ఉన్నాయా అని వాదించడం వృథా. చెరువుకు పెండ్లి చేసే ఆచారం కూడా ఈ సీమలో ఉన్నది. పెండ్లయిన చెరువు నడుమ ఒక కొయ్య స్తంభం నిలుపుతారు. నీటి నడుమ ఒంటరిగా నిలిచిన అటువంటి స్తంభాన్ని చూస్తే అది పడవను కట్టే గుంజ అనుకోకండి.

ఇక గాలం సంగతి. ఇక్కడివారు గాలాన్ని గరీ అంటారు. గాలం వేయటాన్ని ‘గరీ ఆడటం’ అంటారు. వల వేయటం పని, గాలం వేయటం ఆట అన్నమాట. ఈ భావం చాలా పాతది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో రాజుల వినోదాలను వర్ణిస్తూ, మత్స్యవినోదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. గాలపు కర్ర, దారం, ఎరలు, చేపలకు మేత చల్లి ఒకచోటికి మరిపే పద్ధతి అన్నీ అందులో ఉన్నాయి. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని విద్వల్లోకానికి పరిచయం చేశాడు. గాలపు వేట గ్రంథమనగానే పాశ్చాత్యులు స్మరించే ఐజాక్ వాల్టన్ పుస్తకం వెలువడినది 1653లో. మన రాజు ఆయన కంటె అయిదు వందల ఏండ్లు ముందువాడు.

గట్టున కూర్చుని బెండు గాలంతో చేప పట్టడంలో నేర్పంతా బెండులోనే ఉన్నది. ఆస్ట్రేలియా తూర్పుతీరంలో, ముఖ్యంగా సిడ్నీ పరిసరాలలోని రాతి ఒడ్డులమీద, లుడెరిక్ అనే చేపను ఇలాగే పడతారు. దానిని అక్కడివారు నల్లచేప అని వ్యవహరిస్తారు. అది ప్రధానంగా నాచును మేసేది. కనుక ఎర కూడా పచ్చని నాచే! ఆ నాచును సన్నగా తరిగి ఇసుకతో కలిపి నీటిలో చల్లి చేపలను రప్పిస్తారు. పొడవైన కర్ర, సన్నని బెండు, చిన్న గాలం, అపారమైన ఓర్పు వారి సామగ్రి. ధర్సీవా చెరువులో సముద్రపు నాచు లేకపోయినా సూత్రం మారదు. ఇక్కడ పెంచే గడ్డిచేపకు లేత గడ్డిపోచే ఎర కావటం చూసినపుడు నాకు ఆ సిడ్నీ వేటగాళ్ళు గుర్తుకు వస్తారు.

మొదటిసారి వేటకు పోయేవారికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పది పన్నెండడుగుల సన్నని వెదురు, దాని పొడవుకు కొద్దిగా మించిన నైలాన్ దారం, రెండు మూడు పరిమాణాల గాలాలు, చిన్న సీసపు గుండ్లు, ఒక బెండు చాలు. బెండుకు నెమలి ఈక కాడ శ్రేష్ఠం. మనవైపు పెండ్లి బాసికాలకు వాడే జీలుగు బెండు కూడా బాగా పనిచేస్తుంది. రాలిన ఈకలు దొరికే పల్లెలో అంగడి బెండు కొనటం దండుగ. ఒక్క హెచ్చరిక: ఈ ప్రాంతంలో గట్ల మీదుగా విద్యుత్ తీగలు పోతుంటాయి. తడిసిన వెదురు గాని, ఇటీవల వస్తున్న కార్బన్ కర్ర గాని వాటికి తగిలితే ప్రాణం పోతుంది. కర్ర ఎత్తే ముందు తల ఎత్తి చూడండి.

తరువాత నీటి లోతు కొలవాలి. చాలామంది ఈ పని చేయరు. గాలానికి బెండును ముంచగల బరువైన సీసపు ముక్క తగిలించి నీటిలో వేయండి. బెండు పూర్తిగా మునిగిపోతే, బెండుకూ గాలానికీ నడుమ దారం చాలలేదన్నమాట. బెండును పైకి జరపండి. బెండు నీటి మీద పక్కకు పడుకుంటే దారం ఎక్కువైనది, క్రిందికి జరపండి. లోతు తెలిసిన తరువాత ఆ బరువు తీసివేసి, బెండు కొన మాత్రమే నీటిపైన కనబడేటట్లు సీసపు గుండ్లు సరిచేయాలి. బెండు ఎక్కువగా తేలుతూ ఉంటే ఎరను నోట పట్టిన చేపకు దాని ప్రతిఘటన తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం ఉమ్మివేస్తుంది.

చెరువు మూడంతస్తుల మేడ వంటిది. పై అంతస్తులో బొచ్చె, అంటే కట్ల. నడుమ శీలావతి, అంటే రోహు. అడుగున బురద వెదుక్కుంటూ మృగాల. ఏ అంతస్తువాడు కావాలో అక్కడికి ఎర దింపాలి. వేయించిన తవుడు, నువ్వుల చెక్క లేక అవిసె చెక్క కలిపి చిన్న ఉండలు చేసి ముందుగా నీటిలో వేస్తే చేపలు చేరతాయి. గాలానికి గోధుమపిండి ముద్ద చాలు. ఐతే ఉండలు మితంగా వేయాలి. కడుపు నిండిన చేప గాలాన్ని చూడదు, పైగా మిగిలిన పిండి కుళ్ళి వేసవి నీటిని పాడు చేస్తుంది.

బెండు కదలికను చదవటమే అసలు విద్య. కోత్రీ అనే చిన్న పరిగ చేపలు పొడిస్తే బెండు కోడిపిల్ల మెడవలె టకటక ఊగుతుంది. టెంగ్‌నా, అంటే మన జెల్ల, పట్టితే పక్కకు ఈడ్చుకు పోతుంది. అడుగున మేసే చేప ఎరతోబాటు సీసపు గుండును పైకెత్తితే బెండు మునగటానికి బదులు లేచి వాలిపోతుంది. కొత్తవారు మునిగినపుడే లాగాలనుకొని ఈ సూచనను జారవిడుచుకుంటారు. జెల్ల ముండ్లు చేతికి దిగకుండా చూచుకోవాలి. ఇంగిలాయి ముల్లు ఇంకా ప్రమాదకరం, అందులో విషం ఉన్నది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి ఉంచితే బాధ తగ్గుతుంది. వాపు హెచ్చితే వైద్యుని వద్దకు పోవలసినదే.

మన నల్లచేప మాత్రం వీటన్నిటికంటె వేరు. అదే కొరమీను. దాని చిన్నతమ్ముడు మట్టగిడసను ఛత్తీస్‌గఢ్‌లో ఖోక్సీ అంటారు. తెలంగాణ ప్రభుత్వం కొరమీనును రాష్ట్ర మత్స్యంగా ఎన్నుకున్నది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఉబ్బసం రోగులు మందుతోబాటు మింగేది దీని పిల్లనే. ఆ మందు గుణం సంగతి ఎట్లున్నా చేప గుణం అసాధారణం. మొప్పలపైన ఉన్న గదులలో గాలి నింపుకొని శ్వాసిస్తుంది కాబట్టి మధ్య మధ్య పైకి రాక తప్పదు. నిశ్చలంగా ఉన్న నీటిలో తామరాకుల నడుమ ‘గుబుక్’ మని ఒక బుడగ లేస్తే అక్కడ కొరమీను ఉన్నదని గుర్తు. చెరువు ఎండితే బురదలో దాగి బ్రతుకుతుంది. వానలకు తడిసిన నేలమీద ప్రాకి మరో మడుగు చేరగలదు.

దీనికి పిండి పనికిరాదు, ఇది మాంసాహారి. వానపాముల గుత్తిగాని, చచ్చిన చిన్న చేపగాని ఎరగా పెట్టి, నీటి మొక్కల అంచున అడుగుకు తగలకుండా వ్రేలాడదీయాలి. బ్రతికిన కప్పను గుచ్చే పాత పద్ధతి ఇంకా ఉన్నది గాని అది నాకు సమ్మతం కాదు. వానపాములతోనే పని జరుగుతున్నపుడు ఆ క్రూరత్వమెందుకు? కొరమీను పట్టితే బెండు ఒకసారి మునిగి, ఆగి, మళ్ళీ కదులుతుంది. మొదటి మునకకే లాగితే ఎర మాత్రమే చేతికి వస్తుంది. రెండవ కదలిక మొదలైన తరువాత గట్టిగా లాగాలి, ఎందుకంటే దాని నోరు ఎముకలతో గట్టిగా ఉంటుంది. లాగిన తరువాత జాలి చూపితే అది మొక్కల వేళ్ళలో దూరి దారం తెంపుకుంటుంది. కనుక పరిగ చేపలకు వాడే సన్నని దారం దీనికి చాలదు.

కొరమీను అతి సులభంగా చిక్కే కాలం ఒకటున్నది. ఆ కాలంలో దాని జోలికి పోకూడదు. వానలు పడగానే జంట చేపలు నీటి మొక్కల నడుమ చోటు శుభ్రం చేసుకొని గ్రుడ్లు పెడతాయి. తేనెరంగు గ్రుడ్లు నీటి మీద తేలుతూ ఒకటి రెండు రోజులలో పిల్లలవుతాయి. ఎర్రని చీమలదండు వంటి ఆ పిల్లల గుంపు కొన్ని వారాలపాటు కలిసికట్టుగా తిరుగుతుంది. దాని క్రిందనే తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. పిల్లల గుంపు మధ్య ఏ వస్తువు పడినా ఆకలితో కాక కోపంతో కరుస్తాయి. గాలానికి ఎర లేకున్నా కరుస్తాయి. చేతకానివాడు కూడా ఆ రోజున వీరుడై ఇంటికి పోతాడు. కాపలా పోయిన గుంపును జెల్లలు, పాములు, కొంగలు గంటలలో చెదరగొట్టి తింటాయి. ఒక చేప కూర కోసం వచ్చే ఏటి చేపలన్నీ పోతాయి. ఛత్తీస్‌గఢ్‌లో జూన్ 16 నుండి ఆగస్టు 15 వరకు నదులలో, వాటికి సంబంధించిన జలాశయాలలో చేపల వేట నిషిద్ధం. నదీనాలాలతో సంబంధం లేని చిన్న చెరువులకు ఈ నిషేధం వర్తించదు. కాని కొరమీను ఎక్కువగా ఉండేది ఆ చిన్న చెరువులలోనే. చట్టం విడిచిపెట్టిన చోట వేటగాడు తనకు తానే నిషేధం విధించుకోవలసి ఉన్నది.

ఈ నీరు ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉన్నది. చెరువు ఊరందరిది, స్నానానికీ, పశువులకూ అందరికీ హక్కున్నది. చేప మాత్రం అందరిదీ కాదు. గ్రామపంచాయతీ చిన్న చెరువులను కౌలుకు ఇస్తుంది. కౌలు పొందినవారు, చాలాచోట్ల కేవట్, ఢీమర్ కులాల మత్స్యకారులు, డబ్బు పెట్టి పిల్లలను కొని వదులుతారు. మీకు అది ఆట కావచ్చు, వారికి అది ఏడాది కూలి. కనుక మొదట పంచాయతీనో, కౌలుదారునో అడగండి. అడిగిన వానికి అనుమతి దొరకటం అరుదేమీ కాదు. చేప బరువుకు తగిన సొమ్ము ఇచ్చిరావటం మర్యాద.

స్నానఘట్టాల వద్ద గాలం వేయవద్దు. స్త్రీలు స్నానం చేసే మెట్ల వైపు అసలే కూర్చోవద్దు. తెగిన గాలం నీటిలో పడి ఉంటే రేపు ఉత్తకాళ్ళతో దిగే పిల్లవాని పాదంలో దిగుతుంది. తెగిన నైలాన్ దారం నీటికాకి కాళ్ళకు చుట్టుకుంటే అది ఆకలితో చస్తుంది. జేబులో ఒక పాత డబ్బా ఉంచుకొని తెగిన ముక్కలన్నీ అందులో వేసుకొని రావాలి. మరొక మాట: ఆఫ్రికా జాతి మార్పుచేప గాలానికి తగిలితే తిరిగి నీటిలో వదలవద్దు. 2000లో కేంద్రప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించింది. అది చెరువులోని మిగతా చేపలను మిగలనివ్వదు.

కాలం విషయానికి వస్తే, వానలు తగ్గి నీరు తేటపడే అక్టోబరు, నవంబరు మాసాలు మంచివి. పౌష మాసపు చలిలో చేపకు ఆకలి మందగిస్తుంది. ఫిబ్రవరి నుండి మళ్ళీ ఉదయ సాయంకాలాలు అనుకూలిస్తాయి. వేసవి ముదిరేసరికి చెరువులు కుంచించుకుపోతాయి. అపుడు మహానది మీది గంగ్రేల్ జలాశయం నుండి కాలువల ద్వారా రాయపూర్ జిల్లాలోని అనేక గ్రామాల చెరువులకు నీరు విడుదల చేస్తారు. కాలువ నీరు చేరిన మొదటి రోజులలో ప్రవేశద్వారం వద్ద చేపలు గుమికూడతాయి. ఆ చోటు చూచుకొని కూర్చున్నవానికి పంట పండినట్లే.

చిక్కిన కొరమీనును బ్రతికుండగా సంచిలో వేసుకొని పోకండి, అది గంటల తరబడి చావదు. గట్టునే తలమీద ఒక్క దెబ్బతో చంపాలి. ఇంటికి చేరాక బూడిద, రాతి ఉప్పు పట్టించి గరుకు బండమీద జిగురు పోయేదాకా రుద్దాలి. చింతపండు పులుసు పెట్టే తెలుగువారికీ, ఆవపిండి నూరి కూర చేసే ఛత్తీస్‌గఢీలకూ అక్కడిదాకా భేదమేమీ లేదు.